గడపలోనే చెప్పవలసిన మాట

దోహా నగరపు మెట్రోలో హరితమార్గమునకు ఒక కొన అల్ రిఫా, రెండవ కొన అల్ మన్సూరా. రైలు అక్కడితో ఆగిపోవును; దిగిన జనము మాత్రము పేటలోని ఇరుకు వీథులలోనికి, కిరాణా దుకాణముల వెలుతురులోనికి, పాత మేడల మెట్లమీదికి సాగిపోవుచుండును. మలయాళీలు, వంగీయులు, నేపాలీలు, వారితో పాటు కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల మనవారు ఇచ్చట ఒకే మెట్లమీద ఎక్కుచు దిగుచుందురు. ఈ పేటలో కొన్నేండ్లుగా కాపురముండి, జావా భాషలో వ్రాసిన సాఫ్ట్‌వేరును సర్వర్లపై నిలబెట్టు పనితో పొట్టపోసికొనుచున్న నాకు, ఈ నాలుగు మాటలు పత్రికాపాఠకుల యెదుట పెట్టవలెనను సంకల్పము ఒక గురువారపు రాత్రి కలిగినది. ఖతర్‌లో శుక్ర శనివారములు సెలవుదినములు గనుక, ప్రమాదము పొంచియున్న మార్పులన్నియు గురువారపు రాత్రికే వాయిదా పడును. ఏదైన చెడినను బాగుచేసికొనుటకు రెండు దినముల వ్యవధి యుండునని పెద్దల యాలోచన. ఆ యాలోచన మంచిదే. కాని ఆ రెండు దినములు ఎవరి బ్రదుకులోనుండి కోసి తీసినవి యను ప్రశ్న మాత్రము ఎవ్వరును వేయరు.

ఆ రాత్రి పదకొండు గంటలకు, బిల్లులు తయారుచేయు కొత్త మాడ్యూలును, అనగా సాఫ్ట్‌వేరు భాగమును, దానిని నడుపు కంటెయినరులో నిలిపితిమి. కంటెయినరు లేచినది, సర్వరు తన నడక వ్రాసికొను లాగులో ఎర్రగీత యొక్కటియు కానరాలేదు, పరీక్షకై తీసిన మొదటి పుట చక్కగా తెరచుకొన్నది. నాతో పనిచేయు జగిత్యాల కుర్రవాడు, వయస్సున చిన్నవాడైనను పనిలో నిదానము గలవాడు, “అంతా గ్రీనే ఉన్నదన్నా, ఇగ పోయి పండుకో” అనెను. ఒంటిగంట దాటిన పిదప ఫోను మ్రోగినది. “అన్నా, పండుకున్నవా? బిల్లు తీస్తె నో సచ్ మెథడ్ అని పడుతున్నదన్నా. లైబ్రరీల ఆ మెథడ్ ఉన్నది, నా కండ్లతోని చూసిన!” అతడు చూచిన మాట నిజమే. ఆ మెథడు (పేరుతో పిలిచి చేయించుకొను పని) అతడు తెచ్చిన లైబ్రరీలో (సిద్ధముగా దొరకు ప్రోగ్రాముల మూటలో) నున్నది. కాని అదే పేరుగల లైబ్రరీ, కొన్నేండ్ల క్రిందటి వెర్షను, ఎవరో యెప్పుడో ఏదో యవసరమునకై కంటెయినరుయొక్క ఉమ్మడి అరలో పెట్టి మరచిపోయినది, ఇంకను అచ్చటనే పడియుండెను. ఆ కంటెయినరు ముందుగా ఉమ్మడి అరలో వెదకి, అక్కడ దొరికినదానినే తీసికొనునట్లు అమర్పబడియుండెను. ఆ పాతదానిలో ఈ మెథడు లేదు. మరి కంటెయినరు లేచినప్పుడే ఈ కొరత ఏల బయటపడలేదన్నచో, జావా యంత్రము ఒక మెథడును దానిని పిలిచిన క్షణముననే వెదకుకొనును గాని ముందుగా వెదకి పెట్టుకొనవలెనను నియమము లేదు. ఎవరో మొదటి బిల్లు అడుగువరకు అంతయు పచ్చగానే కనబడుచుండును.

పాత లైబ్రరీని తీసివేయుదమన్నచో దానిమీద ఆధారపడిన వేరొక మాడ్యూలు కూలును; ఉంచుదమన్నచో మాది నడువదు. తుదకు కొత్తదానిని విరమించి, పాతదానిని యథాస్థానమున నిలిపి, లాగులను మరల మరల చదివి కన్నులు మూసికొనునప్పటికి పక్కవీథి మసీదునుండి ఫజర్ అజాను వినవచ్చెను. ఆదివారము జరిగిన సమావేశమున మొట్టమొదట అడుగబడిన ప్రశ్న, డిప్లాయ్ చేసినది ఎవరు అని. ఆ ఉమ్మడి అరలో ఏమేమి యున్నదో వ్రాసిపెట్టిన కాగితము ఉన్నదా యని ఎవ్వరును అడుగలేదు.

ఈ చిక్కు సాంకేతిక విద్య లేనివారికి అర్థము కాదనుకొనుట పొరపాటు. మన్సూరాలో ఒకే వంటగదిని ఐదారుగురు పంచుకొని వాడుకొను ఇండ్లు పెక్కు గలవు, మా యింటి వంటగదియు కొంతకాలము అట్టిదే. గోడకు కొట్టిన అలమరలో ఎవరి సీసాలు వారివి, ఎవరి జాడీలు వారివి. ఒకని తల్లి గుంటూరునుండి పంపిన కారపుపొడి యొక సీసాలో నుండును, వేరొకడు క్రింది దుకాణములో కొన్న కారపుపొడి సరిగా అటువంటి సీసాలోనే యుండును; రెంటి మీదను ‘కారం’ అనియే వ్రాసియుండును. పొయ్యిమీద కూర మరుగుచుండగా చేయి చాచినవానికి ముందు తగిలినదే కారము. దుకాణపు కారము రెండు చెంచాలు వేయవలసినచోట గుంటూరు కారము రెండు చెంచాలు పడినచో ఆ కూర ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. దీనికి విరుగుడుగా మాలో పెద్దవాడొకడు ప్రతి సీసాపైన తెల్లపట్టీ యంటించి, పేరు, ఊరు, తెచ్చిన నెల, ఎవరిదో వ్రాయించెను. ఆనాటినుండి కలహము తగ్గినది. జావాలో తయారైన సాఫ్ట్‌వేరు పొట్లమును ‘జార్’ అందురు. అది జావా ఆర్కైవ్ అను రెండు మాటల సంక్షేపమే యైనను, చెవికి జాడీ యనియే వినబడును. ఈ కథకు ఆ యర్థమే సరిపడినది. జావా మొదటినుండియు తనకు కావలసిన వస్తువును అలమరలో వరుసగా వెదకి, మొదట దొరికినదానినే తీసికొను అలవాటుతో పెరిగినది. పేరు చూచును గాని ఊరు చూడదు, నెల చూడదు. ఈ బాధకు మా వృత్తివారు ‘జార్ హెల్’ అని పేరు పెట్టినారు.

కంటెయినరు అనగా నేమి యని అడుగువారికై ఒక మాట. జావాలో వ్రాసిన వ్యాపారపు సాఫ్ట్‌వేరు సాధారణముగా తనంతతాను నడువదు. టామ్‌క్యాట్, గ్లాస్‌ఫిష్, వెబ్‌స్ఫియర్ వంటి ఒక ఆశ్రయమునకు పోయి అందులో నిలుచును. వచ్చినవారికి తలుపు తీయుట, ఏకకాలమున వేలమందికి సమాధానము చెప్పుట, డేటాబేసుతో సంబంధము నిలుపుట, ఎవరు లోనికి రావచ్చునో చూచుట, ఇవన్నియు ఆ యాశ్రయమే చూచుకొనును. మాడ్యూలు తన పని తాను చేసికొనును. దానిని తీసికొనిపోయి అందులో నిలుపుటను డిప్లాయ్ చేయుట యందురు. తెలుగున దీనికి ప్రతిష్ఠ యన్న మాటకంటె తగిన మాట నాకు తోచలేదు. విగ్రహము చెక్కుట ఒక విద్య, ప్రతిష్ఠించుట వేరొక విద్య. శిల్పి యెంత నేర్పరియైనను, విగ్రహపు అడుగున నుండు కొలతయు పీఠమున తొలిచిన గుంట కొలతయు కుదురనిచో, ముహూర్తమునకు మూర్తి నిలువదు. మనవారు గర్భగుడిలో ఆ కొలతలు ముందుగా చూచుకొనిన తరువాతనే ముహూర్తము పెట్టుదురు. సాఫ్ట్‌వేరులో మాత్రము ముహూర్తము ముందు పెట్టి, కొలతలు రాత్రి ఒంటిగంటకు చూచుచున్నాము.

కొలతలు ముందే చెప్పుకొను పద్ధతి లేకపోలేదు, అది కొత్తదియు కాదు. సాఫ్ట్‌వేరును భాగములుగా విభజించుట ఎట్లు అను ప్రశ్నను డేవిడ్ పార్నస్ 1972లో ఒక చిన్న వ్యాసమున చర్చించి, పని జరుగు క్రమమును బట్టి ముక్కలు చేయరాదనియు, రేపు మారగల నిర్ణయమును ఒక్కొక్కదానిని ఒక్కొక్క భాగములో దాచవలెననియు తేల్చినాడు. పన్ను లెక్క రేపు మారవచ్చును. కావున దానిని ఎరిగిన భాగము ఒక్కటే యుండవలెను, తక్కినవి దాని గుమ్మము దగ్గర నిలిచి మొత్తమెంతయని మాత్రమే అడుగవలెను. ఈ గుమ్మమును జావాలో నిజమైన గుమ్మముగా కట్టినవారు ఓఎస్‌జీఐ యను కూటమివారు. 1999లో సన్, ఐబిఎమ్, ఎరిక్సన్, ఒరాకిల్ మొదలగు సంస్థలు కలిసి, ఇండ్లలో నుంచు చిన్న పెట్టెలకు కొత్త సేవలను, పెట్టెను ఆపకుండగనే చేర్చుటకై ఏర్పరచిన నియమములవి. 2004లో, ప్రోగ్రాములు వ్రాయుటకు వాడు ఎక్లిప్స్ అను సాధనపు 3.0 వెర్షను ఆ నియమముల మీదనే నిర్మింపబడినది. హైదరాబాదు అమీర్‌పేటలో జావా నేర్చుకొనుటకు ఊరూరినుండి వచ్చి, హాస్టలు గదిలో ఎక్లిప్స్ తెరచి మొదటి ప్రోగ్రాము వ్రాసిన మన పిల్లలు వేలకొలది, తాము కూర్చున్న యింటి పునాది ఓఎస్‌జీఐ యని తెలియకయే అందులో పని నేర్చిరి.

ఆ నియమములలో నాకు మిక్కిలి ప్రియమైనది ఒక్కటి. ప్రతి మాడ్యూలు తనతో ఒక జాబితాపత్రము తెచ్చుకొనవలెను. దానిని మానిఫెస్టు అందురు. అందులో తన పేరు, తన వెర్షను, తాను ఇతరులకు ఇచ్చునది, తనకు ఇతరులనుండి కావలసినది, కావలసినదాని వెర్షను ఎంతనుండి ఎంతలోపల నుండవలెనో, అన్నియు వ్రాసియుండవలెను. 1.2కు తగ్గరాదు, 2.0కు చేరరాదు అని యొక్క పంక్తిలో వ్రాయవచ్చును. కంటెయినరు ఆ పత్రము చదివి, ఇంటిలో నున్నవానితో సరిచూచి, అన్నియు దొరకినచో ఆ మాడ్యూలును లోనికి తీసికొనును. ఒక్కటి దొరకకున్నను గడప బయటనే నిలిపి, ఫలానిది లేదు గనుక నేను నిన్ను రానీయనని పేరుతో సహా చెప్పును. ఒక్కొక్క మాడ్యూలునకు వేరు అలమర యుండును గనుక, ఒకే పేరుగల లైబ్రరీ రెండు వెర్షనులు ఒకే కప్పు క్రింద ఒకదానికొకటి అడ్డుపడక కాపురముండగలవు. నేను పైన చెప్పిన గురువారపు రాత్రి కష్టము ఈ పద్ధతిలో అసలు పుట్టకుండెడిది, పుట్టినను పదకొండు గంటల అయిదు నిమిషములకే బయటపడియుండెడిది. కుర్రవాడును నేనును ఆ మాట చదివి, పని మరునాటికి పెట్టుకొని, పండుకొనియుండెడివారము.

నేను చెప్పదలచినది ఇంతే: కుదరని దానిని గడపలోనే, కారణము చెప్పి, నిరాకరించు వ్యవస్థయే మంచి వ్యవస్థ. చాలమంది కార్యనిర్వాహకులకు ఈ నిరాకరణము మొండితనముగా తోచును. సర్వరు లేవలేదన్న మాట వారికి అపజయము. లేచినదన్న మాట జయము. లేచిన దానిలో ఏమున్నదో చూచువారు అరుదు. 2012 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో నైట్ క్యాపిటల్ అను వాటాల వ్యాపారసంస్థకు జరిగినదానిని ఇచ్చట తలచుకొనవలెను. కొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో నిలుపవలసియుండగా ఏడింటిలో మాత్రమే నిలిపిరి. ఎనిమిదవదానిలో ఏండ్లక్రితము వాడుక మానివేసిన పాత ప్రోగ్రాము ఇంకను నిద్రించుచుండెను. కొత్తదానికై వాడిన సంకేతమే ఆ పాతదానిని లేపు సంకేతము కూడ అయినది. అంగడి తెరచిన 45 నిమిషములలో 40 కోట్ల డాలర్లకు మించి నష్టము వచ్చినది. నన్ను బాధించునది ఆ మొత్తము కంటె మరియొక సంగతి: అంగడి తెరచుటకు ముందే వారి యంత్రము 97 ఈమెయిళ్ళలో లోపమును తెలిపెను. ఎవ్వరును వానిని హెచ్చరికలుగా చదువలేదు. చెప్పి ఊరకుండుట యంత్రము చేయదగిన పని కాదు, చెప్పి, ఆగవలెను.

మాడ్యూలు తన అవసరములను వ్రాసికొన్నంతమాత్రమున చాలదు, తన హద్దులను కూడ వ్రాసికొనవలెను. 1996 జూను 4న ఏరియన్ 5 రాకెట్టు ఎగిరిన నలుబది సెకనుల లోపుననే దారి తప్పి ముక్కలైనది. అంతకుముందు ఏరియన్ 4లో నమ్మకముగా పనిచేసిన ఒక సాఫ్ట్‌వేరు భాగమును దానిలో యథాతథముగా వాడిరి. పాత రాకెట్టున ఆ భాగము లెక్కించు ఒక సంఖ్య ఎన్నడును మిక్కిలి పెద్దది కాలేదు, కొత్తదాని వేగమునకు ఆ సంఖ్య పదునారు బిట్ల పాత్రలో పట్టలేదు. భాగము చెడ్డది కాదు. నేనింతవరకే మోయగలనని అది తన కాగితము మీద చెప్పుకొనలేదు, చెప్పుమని ఎవరును అడుగలేదు.

ఇంత మేలైన పద్ధతి యున్నప్పుడు లోకమంతయు దానిని ఏల పట్టుకొనలేదని పాఠకుడు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. ఓఎస్‌జీఐతో పనిచేసినవారికి అది పెట్టు బాధలు తెలియును. కరాఫ్ అను కంటెయినరులో ఒక మాడ్యూలును లేపుటకై నేను మూడు దినములు కూర్చున్న సందర్భము కలదు: అది అడిగినది ఇచ్చినచో, ఇచ్చినది వేరొకటి అడుగును, ఆ వేరొకటి ఇచ్చినచో, దానికి కావలసిన వెర్షనుకును మొదటిదానికి కావలసిన వెర్షనుకును పొత్తు కుదరదు, నిరాకరించుచు అది వ్రాయు వాక్యము రెండు తెరల నిండుగా నుండి, అందులో అసలు కారణము చివరి నాలుగు మాటలలో దాగియుండును. పైగా బయటివారు వ్రాసిన లైబ్రరీలలో చాలవాటికి జాబితాపత్రమే యుండదు, ఉన్నను తప్పులతో నుండును. చిన్న సంస్థలు విసిగి విడిచిపెట్టినవన్నచో వారిని నేను తప్పుపట్టను. జావా కర్తలు కూడ తమ భాషలోనే మాడ్యూలు వ్యవస్థను తెచ్చుటకు ఏండ్లతరబడి శ్రమించిరి. జిగ్‌సా అని పేరుపెట్టిన ఆ పని 2008లో మొదలై, 2017 మే నెలలో నిర్ణాయకసంఘపు ఓటింగున 13 మంది కాదని, 10 మంది ఔనని చెప్పుటతో ఓడి, కొన్ని సవరణలతో జూనులో ఒక్కరును కాదనక నెగ్గి, సెప్టెంబరు 21న జావా 9తో వెలువడినది. దానిలో మాడ్యూలు తనకేమి కావలెనో వ్రాయవచ్చును. ఎన్నవ వెర్షను కావలెనో మాత్రము నియమించి ఎంచుకొను ఏర్పాటు లేదు. కావలెననియే దానిని విడిచిపెట్టిరి. మా వంటగదిలో పెద్దవాడు సీసాలపై ఊరు వ్రాయించి నెల వ్రాయింపకున్నచో ఎట్లుండెడిదో అట్లున్నది.

ఈలోగా లోకము వేరొక దారి త్రొక్కినది. 2013లో డాకర్ అను సాధనము వచ్చిన తరువాత కంటెయినరు అను మాటకే అర్థము మారిపోయి, ప్రోగ్రామును, దాని లైబ్రరీలను, అది నిలుచు నేలను కూడ ఒకే పెట్టెలో కట్టివేసి ఓడకెక్కించు పద్ధతి సర్వత్ర వ్యాపించెను. ఈ మాటకు మూలమైన ఓడపెట్టెలను మేమిచ్చట దినమును చూచుచుందుము. దోహా సముద్రతీరమున రాస్ అబూ అబూద్ వద్ద 974 ఓడపెట్టెలతో కట్టిన స్టేడియము కలదు. ఖతర్ దేశపు ఫోను సంకేతమును 974యే గనుక దానికి ఆ పేరే పెట్టిరి. 2021 నవంబరున తెరువబడి, 2022 ప్రపంచకప్పులో ఏడు ఆటలకు వేదికయైన ఆ కట్టడమును, విప్పి వేరొకచోట మరల కూర్చుకొనుటకు వీలుగా రూపొందించినారు. ఒక సాయంకాలము దాని ప్రక్కగా నడచుచు, రంగురంగుల పెట్టెలను గాక, అవి ఉక్కు చట్రమునకు తగులుకొన్న మూలలను చూచుచు చాలసేపు నిలిచితిని. 1956 ఏప్రిలు 26న అమెరికాలో నెవార్కు రేవునుండి ‘ఐడియల్ ఎక్స్’ ఓడ 58 పెట్టెలతో హ్యూస్టనుకు బయలుదేరినప్పుడు మొదలైన ఆ వ్యాపారమంతయు నేడు ఆ మూలలమీదనే నిలిచినది: పెట్టెలో బియ్యమున్నను బొమ్మలున్నను క్రేనుకు పనిలేదు, నాలుగు మూలలు ఒప్పిన కొలతకు ఉండవలెను. లోనిది దాచి, మూలను మాత్రము లోకమునకు ఒప్పచెప్పుట పార్నస్ చెప్పినదే.

డాకర్ పెట్టెకు బయటిమూలలు చక్కగా కుదిరినవి. కాదనను, నేను దినమును దానిని వాడుచునే యున్నాను. కాని పెట్టె మూసినంతనే లోపలి జగడము తీరినదనుకొనుట మన యిప్పటి భ్రమ. లోపల అదే జావా, అదే అలమర, అవే రెండు కారపు సీసాలు. అంతకుమించి, పెట్టె మూసియుండుటచే లోపల ఏమున్నదో తెలియుట కష్టమైనది. దీని ఫలము 2021 డిసెంబరున అనుభవమునకు వచ్చినది. జావా లోకమున పెక్కుమంది లాగులు వ్రాయుటకు వాడు లాగ్‌ఫోర్‌జే యను లైబ్రరీలో ఘోరమైన లోపమొకటి 10వ తేదీ నాటికి లోకమంతట పొక్కినది. బయటివాడు ఒక్క పంక్తి పంపి మన సర్వరుచేత తనకు కావలసినది చేయించుకొనగల లోపమది. ఆ దినము శుక్రవారము, మాకు సెలవు. దోహాలో అరబ్ కప్పు పోటీలు జరుగుచున్న రోజులు. మందు తెలిసినదే, కొత్త వెర్షను పెట్టుట. మా యందరి కష్టము అది కాదు. మా సాఫ్ట్‌వేరులో ఆ లైబ్రరీ ఎక్కడెక్కడ నున్నదన్న ప్రశ్నకు సమాధానము లేకపోవుట. జాడీలో జాడీ, దానిలో మరియొక జాడీ, అందులో పేరు మార్చి దాచిన ఆ లైబ్రరీ! జాబితాపత్రములు వ్రాసిపెట్టుకొన్న చోట్ల ఒక గంటలో తేలిన సమాధానము, లేనిచోట్ల వారములు పట్టినది. అంతకు నాలుగేండ్ల ముందు, 2017లో, అమెరికాలో ఎక్విఫాక్స్ సంస్థనుండి 14 కోట్లకు పైబడిన మనుష్యుల వివరములు దొంగలపాలైనదియు జావా స్ట్రట్స్ లైబ్రరీలోని లోపము వలననే. మందు మార్చి నెలలోనే వెలువడినది, దొంగలు మే నెలలో చొచ్చిరి. మందు చేతికందియుండియు రోగి యెక్కడనున్నాడో తెలియకపోయెను.

జకార్తా సంగతి కూడ ఒక్క మాటలో చెప్పి ముందునకు పోవుదును. జావాతో వ్యాపారపు సాఫ్ట్‌వేరు వ్రాయుటకైన నియమములు ఒరాకిల్ చేతినుండి ఎక్లిప్స్ ఫౌండేషనుకు మారిన పిదప, పాత పేరును వాడి నియమములను పెంచుటకు హక్కు లేకపోవుటచే, 2020 డిసెంబరులో వెలువడిన తొమ్మిదవ వెర్షనులో ‘జావాఎక్స్’ అను పేర్లన్నియు ‘జకార్తా’ అయినవి. టామ్‌క్యాట్ 9కు వ్రాసినది 10లో పెట్టినచో కొన్నిచోట్ల కేక పెట్టి పడిపోవును. కొన్నిచోట్ల ఏ కేకయు లేక లేచి, వచ్చినవారికందరికి పుట దొరకలేదని చెప్పుచు కూర్చుండును. పై రెంటిలో మొదటిదే మేలని నేను వేరుగా వాదింపనక్కరలేదు.

ఇక మన విద్య మాట. అమీర్‌పేటలోని తరగతిగదులను నేను చులకన చేయను. నా వంటివారికి అన్నము పెట్టినవి అవియే. కాలేజీ నాలుగేండ్లలో చెప్పనిది ఆరు మాసములలో చెప్పి, ఇంటర్వ్యూకు పంపి, విమానమెక్కించినవి అవియే. కాని అక్కడను, ఇంజనీరింగు కళాశాలలలోను, ప్రోగ్రాము వ్రాయుటయే విద్యగా సాగుచున్నది. తరగతిలో విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాము అతని ల్యాప్‌టాపుమీద నడచుటతో పరీక్ష ముగియును. ఆ ల్యాప్‌టాపులో ఏ వెర్షనులు ఉన్నందున నడచినదో అతనిని ఎవ్వరును అడుగరు. ‘నా మెషీన్‌లో పనిచేస్తోంది సార్’ అను వాక్యము అక్కడినుండియే మనవారి నాలుకమీద స్థిరపడి, దోహాకు, డల్లాసుకు, సింగపూరుకు వెంట వచ్చుచున్నది. ఆ వాక్యము చెప్పువాని తప్పు దానిలో తక్కువ. నిలబెట్టుట యను విద్య వేరొకటి కలదని అతనికెవ్వరును చెప్పలేదు. మొదటి యుద్యోగములో అర్ధరాత్రి ఒంటరిగా, ఫోను చెవినబెట్టుకొని, భయపడుచు నేర్చుకొనుచున్నాడు.

ఉపాధ్యాయులకు నా విన్నపము ఒక్కటే. ఏడాదికి ఒక పూట చాలును. విద్యార్థి చేతికి ఒక కంటెయినరు, రెండు మాడ్యూళ్ళు ఇయ్యుడు. ఆ రెండును ఒకే లైబ్రరీ యొక్క వేర్వేరు వెర్షనులు కోరునట్లు ముందే అమర్పుడు. రెంటిని ఒకే యింట నిలబెట్టుమనుడు. అతడు మొదట ఓడిపోవును, ఓడనిండు; ఏది దేనికి అడ్డుపడినదో తన మాటలలో ఒక పుట వ్రాయుమనుడు. ఆ పుటకే మార్కులు వేయుడు. సంస్థల యజమానులకును ఒక విన్నపము కలదు: గురువారపు రాత్రి మార్పునకు అనుమతి అడుగుచు మీ బల్లమీదికి వచ్చిన కాగితముపై, ఎంతసేపు పట్టును, ఎవరు చేయుదురు అను గడుల ప్రక్కన మరియొక్క గడి చేర్పుడు. ఈ మాడ్యూలునకు ఏమేమి కావలెను, ఎన్నవ వెర్షను కావలెను, అవి యచ్చట ఉన్నవని సరిచూచినది ఏ యంత్రము? ఈ గడి ఖాళీగా నున్న కాగితముపై సంతకము పెట్టకుడు. ఆలస్యమగునని మీకు చెప్పువారుందురు. ఆ యాలస్యము పగటివేళ, పదిమంది మేలుకొనియుండగా జరుగు ఆలస్యము.

ఓఎస్‌జీఐ నిలుచునో పోవునో నాకు పట్టింపు లేదు. 2020లో ఆ కూటమి తన పనిని ఎక్లిప్స్ ఫౌండేషనుకు అప్పగించినది. రేపు దాని స్థానమున మరియొకటి రావచ్చును. నేటికిని, సాఫ్ట్‌వేరును కూర్చు (బిల్డు చేయు) మావెన్, గ్రేడిల్ వంటి సాధనములతో, ఒకే లైబ్రరీ రెండు వెర్షనులుగా చొరబడినచో బిల్డు అచ్చటనే ఆగిపోవునట్లు నియమము పెట్టుకొనవచ్చును. దానికి ఖర్చు లేదు, పెద్ద వ్యవస్థ అక్కరలేదు, పది పంక్తులు చాలును. మా వద్ద ఆ పది పంక్తులను జగిత్యాల కుర్రవాడే వ్రాసినాడు. మొదటి వారమున బిల్డు ఏడుమార్లు ఆగినది, ఏడుమార్లును అందరు అతనిమీద విసుగుకొన్నారు. ఆ ఏడింటిలో రెండు, కంటెయినరులో చేరియున్నచో బిల్లులను ఆపివేసెడివి. అటుపైని గురువారపు రాత్రులలో ఇంతవరకు ఒంటిగంటకు ఫోను రాలేదు.